సాఫ్ట్‌వేర్ సంగతి వాళ్ళు చూసుకుంటారు, లోపలి రాత సంగతి మీరు చూడండి

తెలంగాణ ఐటీ శాఖ మంత్రివర్యులకు ఒక ప్రూఫ్‌రీడర్ బహిరంగ లేఖ

మంత్రిగారూ,

అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజగుట్ట నాగార్జున సర్కిల్ వరకు పెద్ద రోడ్డు వదిలి లోపలి సందుల్లో తిరిగితే, మేడమెట్ల కింద, సెల్లార్లలో, జిరాక్స్ మిషన్ల పక్కన డీటీపీ సెంటర్లు ఇంకా కనిపిస్తాయి. ఒకప్పుడు ఉన్నన్ని లేవు. ఉన్నవాటిలో శుభలేఖలు, కరపత్రాలు, సంస్మరణ సంచికలు, కవితా సంపుటాలు, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు తయారవుతుంటాయి. నేను తెలుగు పుస్తకాల ప్రూఫులు దిద్దుకుంటూ బతికేవాణ్ణి. నా పని సగం ఈ గదుల్లోనే, ఆపరేటర్ పక్కన స్టూలు వేసుకుని సాగుతుంది. తెలుగు కంపోజింగ్ అనగానే అక్కడ ఇవాళ్టికీ ముందుగా వినిపించే పేర్లు రెండు: పేజీలు అమర్చే పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లూ కీబోర్డూ ఇచ్చే అను.

ఈ మధ్య ఆ గదుల్లో ఒకే చర్చ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆఫీస్ 2016, ఆఫీస్ 2019లకూ అదే రోజు గడువు తీరింది. విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసర్ కొత్త తరానిది కావాలి. డీటీపీ సెంటర్లలో ఉన్న సిస్టమ్‌లు చాలావరకు ఆ పరీక్షలో నెగ్గవు. అంటే అప్‌గ్రేడ్ చేయడమంటే ఈ దుకాణాలకు కొత్త సిస్టమ్ కొనడమే. కొన్నాక దాంట్లో పేజ్‌మేకర్ పడుతుందా, అను కీబోర్డు పనిచేస్తుందా, పాత ఫైళ్ళు తెరుచుకుంటాయా? వీటికి ఖాయంగా జవాబు చెప్పేవాళ్ళు దొరకడం లేదు. యజమానులు నన్ను కూడా అడుగుతున్నారు. నాకు తెలిసింది వాళ్ళకు చెప్పాను. వాళ్ళ చేతిలో లేనిదీ, మీ చేతిలో ఉన్నదీ ఒకటుంది. అది మీకు చెప్పాలని ఈ ఉత్తరం.

ముందుగా వాళ్ళ పక్షాన నిలబడి మాట్లాడతాను. పేజ్‌మేకర్ 1985లో ఆల్డస్ కంపెనీ తెచ్చిన సాఫ్ట్‌వేర్. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అనే మాట దానితోనే వ్యాప్తిలోకి వచ్చింది. 1994లో ఆల్డస్ అడోబీలో కలిసిపోయింది. 1999లో అడోబీ అదే పనికి ఇన్‌డిజైన్ విడుదల చేసింది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0 తర్వాత దానికి మరో పెద్ద వెర్షన్ రాలేదు. అంత పాత సాఫ్ట్‌వేర్ మీద ఇవాళ కూడా పుస్తకాల పేజీ సెట్టింగ్ జరుగుతోందంటే మన ఐటీ కారిడార్‌లో ఉన్నవాళ్ళు ఆశ్చర్యపోవచ్చు. ఆపరేటర్ పక్కన ఒక పూట కూర్చుంటే ఆ ఆశ్చర్యం ఉండదు. అనులో యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్ మీద ఇరవై ఏళ్ళు కొట్టిన చేయి అది. చూపు రాతప్రతి మీద నుంచి కదలదు. ఏ సంయుక్తాక్షరానికి ఏ మీటలు వరసగా పడాలో వేలికి తెలుసు. ఎన్ని పేజీలకు ఒక ఫారం అవుతుంది, ట్రేసింగ్ తీసేముందు ఏ మార్జిన్ చూసుకోవాలి, ఫలానా ప్రెస్‌వాళ్ళకు ఫైలు ఎలా ఇవ్వాలి అన్నవన్నీ ఆ పాత తెరతో అల్లుకుపోయిన జ్ఞానం. కొత్త సాఫ్ట్‌వేర్ తెస్తే ఆ వేగం తిరిగి రావడానికి నెలలు పడుతుంది. పేజీకింత అని కూలి తీసుకునే మనిషికి ఆ నెలల ఆదాయం ఎవరు ఇస్తారు?

పనిచేస్తున్నదాన్ని కదపకూడదన్న బుద్ధిలో వెనకబాటు ఏమీ లేదు. ఆ సంగతి అమీర్‌పేటకు తెలిసినంత బాగా ఇంకో పేటకు తెలియదు. 1990ల చివర, సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిన పాత ప్రోగ్రాములు 2000లో తప్పుతాయని ప్రపంచం హడలిపోయినప్పుడు, ఇక్కడి ఇన్‌స్టిట్యూట్లలో మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ నేర్చుకుని జిల్లాల పిల్లలు ఎంతమంది విమానం ఎక్కలేదు! కోబాల్ 1960 నాటి భాష. అమెరికాలో బ్యాంకులూ, ప్రభుత్వాలూ దాన్ని పారెయ్యలేదు, బాగుచేయించుకున్నాయి. 2020 ఏప్రిల్‌లో కరోనా వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవాళ్ళు స్వచ్ఛందంగా ముందుకు రావాలని టీవీలో అడగాల్సి వచ్చింది. పాతదాన్ని ఉంచుకోవడంలో ఉన్న లాభమూ, తెలిసినవాళ్ళు తగ్గిపోయేకొద్దీ పెరిగే ముప్పూ రెండూ ఆ విజ్ఞప్తిలో ఉన్నాయి. మా దగ్గర కూడా అనులో వేగంగా కొట్టగలవాళ్ళు నలభైలు దాటారు. కొత్తగా నేర్చుకునే పిల్లలు దాదాపు లేరు.

పైగా కొత్తది దోషం లేనిదేమీ కాదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరపు ఒక ప్రత్యేక కూర్పు మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కంపెనీ ఆ నెలలోనే సవరణ విడుదల చేయాల్సి వచ్చింది. అన్ని యంత్రాలకూ ఉమ్మడి అక్షర సంకేతాలైన యూనికోడ్‌లో ఉన్న తెలుగు పాఠాన్ని ఇన్‌డిజైన్‌లో పోసినప్పుడు వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక పెట్టకపోతే ఒత్తులు విరిగి పక్కకు పడతాయి. ఆ ఒక్క అమరిక తెలియక ఇన్‌డిజైన్‌కు తెలుగు రాదని నిర్ణయించుకుని పేజ్‌మేకర్‌కు తిరిగి వచ్చిన సెంటర్లను నేను చూశాను. ఇంకో చిక్కు ఉంది. పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్ళను ఇన్‌డిజైన్ సీఎస్6 వరకు తెరిచేది. తర్వాత వచ్చిన సీసీ వెర్షన్లు వాటిని తెరవవు. సీఎస్6 వచ్చింది 2012లో. ఒకసారి కొనుక్కుంటే శాశ్వతంగా ఉండే అడోబీ సూట్లలో ఆఖరుది అదే, ఇప్పుడు అమ్మడం లేదు. ఆ తర్వాత అంతా చందా. కాబట్టి కొత్త ఇన్‌డిజైన్‌కు చందా కట్టిన యజమాని తన పాత ఫైళ్ళు దాంట్లో తెరుచుకోవని కట్టాక తెలుసుకుంటాడు. ఇంతకాలం చాలాచోట్ల నడిచిన కాపీలు డబ్బిచ్చి కొన్నవి కావన్నది కూడా దాచాల్సిన విషయం కాదు. న్యాయంగా నడుపుకుందామని ఒక చిన్న దుకాణం అనుకున్న రోజున అది భరించగలిగే దారి ఏదో చూపించడం కూడా ప్రభుత్వం ఆలోచించాల్సిన విషయమే.

భద్రత మాట చెప్పి భయపెట్టేవాళ్ళున్నారు. భయం కొంత నిజమే. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా కంప్యూటర్లలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లూ దాని బారిన పడ్డాయి. అయితే అది వాడుకున్న లొసుగుకు మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ప్యాచ్ ఇచ్చింది. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం అప్పటికింకా మద్దతున్న విండోస్ 7 యంత్రాలే, ప్యాచ్ వేసుకోనివి. కొత్త వెర్షన్ కొనగానే రక్షణ వస్తుందనుకోవడం పొరపాటు. పాత పేజ్‌మేకర్ సిస్టమ్‌కు ఇంటర్నెట్ తీగ పీకేసి, వాట్సాప్‌కూ మెయిల్‌కూ వేరే సిస్టమ్ పెట్టుకుని, మధ్యలో తిరిగే పెన్ డ్రైవ్‌ను స్కాన్ చేస్తే ఒక చిన్న సెంటర్‌కు చాలావరకు సరిపోతుంది. కొత్త సిస్టమ్ కొన్నవాళ్ళు కూడా దాంట్లో ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్ పెట్టి, తమ దగ్గరున్న పాత విండోస్‌ను లోపల నడుపుకోవచ్చు. ఇవన్నీ యజమానులు తేల్చుకోగలిగే విషయాలు. తేల్చుకుంటున్నారు కూడా.

వాళ్ళు తేల్చుకోలేనిది ఫైళ్ళ సంగతి.

అను వంటి ఫాంట్లు పుట్టిన రోజుల్లో విండోస్‌కు తెలుగు రాదు. ఒక ఫాంటులో ఉండేవి 256 గదులు, అందులో కొన్ని యంత్రం సొంత అవసరాలకు పోతాయి. మిగిలిన గదుల్లోంచి ఇంగ్లిషు అక్షరాల బొమ్మలు తీసేసి తెలుగు ముక్కలు అమర్చారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, కొమ్ము ఇంకో గదిలో, ఒత్తులు మరికొన్నింటిలో. గుణింతాలూ సంయుక్తాక్షరాలూ కలిపి లెక్కేస్తే తెలుగుకు వేల రూపాలు కావాలి. వాటన్నిటినీ రెండొందల చిల్లర ముక్కలతో కట్టి, చూడముచ్చటగా నిలబెట్టినవాళ్ళ ప్రతిభకు చేతులెత్తి దణ్ణం పెడతాను. ఆ పని జరిగినందువల్లే తెలుగు అచ్చు పెద్ద ప్రెస్సుల నుంచి చిన్న గదుల్లోకి వచ్చింది, సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే ధైర్యం సామాన్య రచయితకు కలిగింది.

కానీ అలాంటి ఫాంటుతో కొట్టిన ఫైలు లోపల ఉన్నది తెలుగు కాదు. తెర మీద తెలుగు వాక్యం కనిపించేచోట, లోపల ఇంగ్లిషు అక్షరాలు, చిత్రమైన గుర్తులు ఒక వరసలో ఉంటాయి. అనుపమో ప్రియాంకో, ఆ ఫాంటు ఆ యంత్రంలో ఉన్నంతవరకే అది మనం చదవగలిగే రాత. ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే గజిబిజి. పీడీఎఫ్ చేసి ఉంచితే కంటికి కనిపించే రూపం నిలుస్తుంది, లోపలి గజిబిజి అలాగే ఉంటుంది. మన ప్రభుత్వ వెబ్‌సైట్లలోని పాత తెలుగు పీడీఎఫ్‌లలో చాలావాటి నుంచి ఒక వాక్యం కాపీ చేసి మీ ఫోన్‌లో అతికించి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లో వచ్చిన మొదటి వెర్షన్ నుంచే చోటుంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటే గౌతమి ఫాంటు వచ్చింది. పేజ్‌మేకర్‌కు మాత్రం యూనికోడ్ ఎన్నడూ రాలేదు. దీనివల్ల ఇప్పుడు మా గదుల్లో రోజూ జరుగుతున్నదేమిటంటే, రచయితలు ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో చక్కగా యూనికోడ్‌లో కొట్టి పంపుతారు. ఆపరేటర్ దాన్ని కన్వర్టర్‌లో వేసి అనులోకి మారుస్తాడు. మార్చడంలో కొన్ని అక్షరాలు చెదురుతాయి. నేను ప్రూఫు దిద్దుతాను, రచయిత దిద్దుతాడు, మూడు విడతలు దిద్దుబాట్లు పడతాయి. అంతా అను ఫైల్లోనే. పుస్తకం అచ్చవుతుంది. చివరికి రచయిత దగ్గర మిగిలే యూనికోడ్ ఫైలు దిద్దనిది. దిద్దిన మంచి పాఠం అనులో బందీ అయిపోయి ఉంటుంది. పదేళ్ళ తర్వాత రెండో ముద్రణ వేద్దామంటే, సెంటర్ మూతపడి ఉంటుంది లేదా హార్డ్ డిస్క్ పోయి ఉంటుంది. ఫైలు దొరికినా వెర్షన్ కలవదు. అప్పుడు అచ్చు పుస్తకం ముందు పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి కంపోజ్ చేయిస్తారు. మళ్ళీ కొత్త తప్పులు, మళ్ళీ ప్రూఫులు. రచయిత అప్పటికి లేకపోతే ఆ ప్రూఫు చూడాల్సిన కన్ను కూడా లేనట్టే.

పదసూచిక సంగతి చెబుతాను, ఎందుకంటే అది నా ప్రత్యక్ష శ్రమ. చరిత్ర పుస్తకానికి చివర పేర్ల సూచిక కావాలి. యూనికోడ్ పాఠమైతే పేరు వెతికితే పేజీ సంఖ్యలు దొరుకుతాయి, అకారాది క్రమంలో పెట్టమంటే యంత్రం పెడుతుంది. అను ఫైల్లో అకారాది క్రమం అడిగితే యంత్రం ఇంగ్లిషు సంకేతాల వరసలో పేరుస్తుంది. అందుకని నాలుగొందల పేజీలు వేలితో తిరగేస్తూ చీటీల మీద రాసుకుంటాం. తెలుగులో ఎన్ని మంచి పరిశోధన గ్రంథాలు సూచిక లేకుండా వచ్చాయో లైబ్రరీలో చూస్తే తెలుస్తుంది. పాఠకుడికి జరిగిన ఆ నష్టానికి మూలం ఈ ఫైళ్ళలోనూ ఉంది.

అమీర్‌పేటకు ఆనుకునే బేగంపేటలో దేవనార్ అంధుల పాఠశాల ఉంది. చూపులేని పిల్లలు ఎన్‌వీడీఏ వంటి ఉచిత స్క్రీన్ రీడర్‌తో కంప్యూటర్ వాడగలరు. తెలుగును అది చదివి వినిపించగలదు, ఆ తెలుగు యూనికోడ్‌లో ఉంటే. పంజగుట్టలో నిరుడు కంపోజ్ అయిన కథల పుస్తకం ఫైలు ఆ బడికి ఇచ్చినా, యంత్రం పలికేది అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలు. పక్కపక్క పేటల మధ్య ఈ దూరం ఉంది మంత్రిగారూ. దీన్ని తగ్గించగలమని తెలిసీ ఊరుకోవడం నాకు మనసొప్పదు.

తెలంగాణ 2020ని కృత్రిమ మేధ సంవత్సరంగా ప్రకటించింది. 2024 సెప్టెంబరులో హైదరాబాద్‌లోనే ప్రపంచ ఏఐ సదస్సు జరిగింది. తెలుగు తెలిసిన యంత్రాలు కావాలని అందరూ అంటున్నారు. యంత్రం తెలుగు నేర్చుకునేది యూనికోడ్‌లో ఉన్న పాఠం నుంచి. 1990ల నుంచి అనులోనూ, శ్రీలిపిలోనూ, సీడాక్ సాఫ్ట్‌వేర్లలోనూ, పత్రికలు సొంతంగా చేయించుకున్న ఫాంట్లలోనూ కంపోజ్ అయిన తెలుగు, అంటే ఎడిటర్లూ ప్రూఫ్‌రీడర్లూ పట్టి పట్టి చూసిన తెలుగు, వాటికి చాలావరకు అందదు. తొందరలో కొట్టిన పోస్టులు మాత్రం బాగా అందుతాయి. ఏది చదివి నేర్చుకుంటే అదే వస్తుంది గదా.

దక్షిణాదిలో ఇతర రాష్ట్రాలు ఏం చేశాయో మీకు తెలిసే ఉంటుంది. 1999లో చెన్నైలో తమిళ్‌నెట్ సదస్సు జరిపి, యూనికోడ్ ఇంకా వాడుకలోకి రాని ఆ రోజుల్లోనే, తమిళ ఫాంట్లన్నిటికీ టామ్, టాబ్ అనే ఉమ్మడి సంకేత పట్టికలూ ఒక కీబోర్డూ నిర్ణయించారు. 2010లో అక్కడి ప్రభుత్వం యూనికోడ్‌ను ప్రమాణంగా ప్రకటించింది. కర్ణాటకలో కన్నడ గణక పరిషత్తు తయారుచేసిన నుడి సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వం వెనక నిలబడి ఉచితంగా ఇచ్చింది. మనకు ఆ దశలో ఉమ్మడి పట్టిక కుదరలేదు. ఏ కంపెనీకి ఆ కంపెనీ పట్టిక. అందుకే తెలుగులో పాత ఫైలు మార్చాలంటే అది ఏ కంపెనీది, ఏ వెర్షన్‌ది అన్న ప్రశ్న ముందు పుడుతుంది.

మనం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2005 ప్రాంతంలో కేంద్ర ఐటీ శాఖ వారి టీడీఐఎల్ కార్యక్రమం కింద తెలుగు ఫాంట్లూ పనిముట్లూ ఉచిత సీడీగా వచ్చాయి. 2009లో కేంద్రం ఈ-గవర్నెన్స్‌కు యూనికోడ్‌ను ప్రమాణంగా ప్రకటించింది. ఉమ్మడి రాష్ట్రపు ఐటీ శాఖ, సిలికానాంధ్ర సంస్థ కలిసి తెచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, సురవరం, పెద్దన, తిమ్మన, మల్లన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఇవాళ గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా ఉచితంగా దింపుకోవచ్చు. అంతకుముందు తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. పత్రికల సొంత ఫాంట్లను బ్రౌజర్‌లోనే యూనికోడ్‌గా మార్చి చూపే పద్మ అనే ఎక్స్‌టెన్షన్ ఉండేది. అంటే మీ శాఖ ఇలాంటి పనిలో చేయి పెడితే ఫలితం దశాబ్దం దాటి నిలుస్తుందని రుజువుంది. ఆ పని కొత్తగా రాయబోయే తెలుగు కోసం జరిగింది. ఇప్పటికే రాసి పెట్టిన తెలుగు కోసం ఇంకా జరగలేదు.

అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు లేవని కాదు. ఔత్సాహికులు చేసినవి కొన్ని ఉన్నాయి, నేనూ వాడతాను, వాళ్ళకు రుణపడి ఉన్నాను. కానీ వాటి వెనక జీతం తీసుకుని కూర్చున్న మనిషి లేడు. సృష్టికర్తకు ఉద్యోగం మారితే కన్వర్టర్ ఆగిపోతుంది. తప్పులు కూడా ఒక పద్ధతిలో వస్తాయి. పాత ఫాంట్లలో ఒక అక్షరాన్నే రెండు మూడు ముక్కలతో కడతారు కాబట్టి, ఆపరేటర్ ముక్కల వరస కాస్త మార్చి కొట్టినా తెర మీద తేడా కనిపించదు, కన్వర్టర్ మాత్రం వేరే అక్షరం అనుకుంటుంది. తెలుగు వాక్యం మధ్యలో ఇంగ్లిషు మాట ఉంటే ఇంకా కష్టం. రెండూ లోపల ఇంగ్లిషు సంకేతాలే గనుక, ఏ ముక్కకు ఏ ఫాంటు వేశారో తెలియకపోతే ఇంగ్లిషు మాట కూడా తెలుగు గజిబిజిగా మారిపోతుంది. సైన్సు పుస్తకాల్లో, వైద్య వ్యాసాల్లో ఇది పేజీ పేజీనా వస్తుంది. ఇవి పరిష్కారం లేని సమస్యలు కావు. ఫాంటు సమాచారం పోకుండా పాఠాన్ని చదవగలిగితే చాలావరకు తీరిపోతాయి. 2015లో వచ్చిన లిబ్రేఆఫీస్ 4.4 నుంచి పేజ్‌మేకర్ ఫైళ్ళను తెరిచే సౌకర్యం ఉంది. పేజీ అమరిక అచ్చం అలాగే రాకపోయినా పాఠం బయటికి వస్తుంది. అది ఉచితం, దాని మూలం అందరికీ తెరిచి ఉంది. దానికి తెలుగు పాత ఫాంట్ల పట్టికలు జోడించే పని ఎవరైనా పూనుకుంటే సగం దారి నడిచినట్టే.

కాబట్టి నేను అడిగేది కొత్త కంప్యూటర్లకు సబ్సిడీ కాదు. అది ఇస్తే పాత సిస్టమ్‌లు తుక్కు దుకాణానికి పోతాయి, వాటిలోని ఫైళ్ళూ పోతాయి. ముందు కావలసింది సంకేత పట్టికలు. పాత తెలుగు ఫాంట్లు తయారుచేసిన కంపెనీలను మీ శాఖ పిలిచి, తగిన పరిహారం ఇచ్చి, ప్రతి వెర్షన్ పట్టికనూ బహిరంగంగా ప్రచురించే ఒప్పందం చేసుకోవాలి. ఫాంట్లు వాళ్ళవే, వ్యాపారం వాళ్ళదే. ఏ గదిలో ఏ ముక్క ఉందన్న సమాచారం మాత్రం తెలుగు చదివేవాళ్ళందరికీ అందాలి. ఈ కంపెనీల్లో పనిచేసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నప్పుడే ఇది జరగాలి, ఆలస్యమైతే అడగడానికి మనిషి ఉండడు.

రెండోది కన్వర్టర్. గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో భాషా సాంకేతికత మీద ఏళ్ళ తరబడి పనిచేస్తున్న పరిశోధన కేంద్రం ఉంది, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ అలాంటి విభాగం ఉంది. వాళ్ళకు ఈ పని అప్పగించి, ఇంటర్నెట్ లేని పాత సిస్టమ్‌లో కూడా నడిచేలా, మూలం తెరిచి ఉండేలా, ఏటా బాగుచేసే బాధ్యతతో సహా రాయించుకోవాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచేది ఇస్తే మాకు సగం ఉపయోగం. తమ అముద్రిత రచనను తెలియని సర్వర్‌కు పంపడానికి రచయితలు ఇష్టపడరు, ఆ అభ్యంతరం న్యాయమైనది.

ఇక ఆపరేటర్లు. వాళ్ళ వేళ్ళు అలవాటు పడ్డ యాపిల్ లేఅవుట్‌నే యూనికోడ్‌కు పనిచేసేలా అధికారికంగా తయారుచేసి ఇవ్వండి. ఇన్‌స్క్రిప్ట్ అనే మరో లేఅవుట్ నేర్చుకోమనడం నలభై దాటిన మనిషిని మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టడమే అవుతుంది. దానితో పాటు ఇన్‌డిజైన్‌లో తెలుగు అమరికలు, 2024లో వచ్చిన స్క్రైబస్ 1.6లో ఉచితంగా పేజీ సెట్టింగ్ చేసే పద్ధతి, ఒక్కో విషయానికి ఒక్కో సాయంత్రం తరగతి పెట్టించండి. అమీర్‌పేటలో క్లాసురూములకు కొరత లేదు. దేశదేశాల సాఫ్ట్‌వేర్ నేర్పిన పేట ఇది. పక్క సందులో తెలుగు కొట్టే మనిషికి నేర్పే కోర్సు మాత్రం ఇక్కడ బోర్డుల మీద నాకు కనిపించలేదు.

గ్రంథాలయాలకు పుస్తకాలు కొనేటప్పుడు, ప్రభుత్వ ఖర్చుతో పుస్తకం వేసేటప్పుడు, అచ్చు ప్రతితో పాటు దిద్దిన యూనికోడ్ పాఠం కూడా ఇవ్వాలనీ, ఆ అదనపు పనికి వేరుగా డబ్బు ఇస్తామనీ నిబంధన పెడితే మిగతాది దానంతటదే సర్దుకుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. పాఠం హక్కు రచయితది, ప్రచురణకర్తది. మార్చిన పాఠం వాళ్ళకే తిరిగి ఇవ్వాలి. దాచిపెట్టడమా, అందరికీ ఇవ్వడమా అన్నది వాళ్ళు నిర్ణయించుకుంటారు. యంత్రాలకు నేర్పడానికి కావాలంటే వేరుగా అడిగి తీసుకోవాలి. ఈ విషయంలో అనుమానానికి చోటిస్తే ఒక్కరు కూడా పెన్ డ్రైవ్ తీసుకురారు.

ఈ ఉత్తరం చదివే సెంటర్ల యజమానులకు ఇక్కడే ఒక మాట. అన్నా, ప్రభుత్వం కదిలేదాకా ఆగొద్దు. సిస్టమ్ ఫార్మాట్ కొట్టించేముందు పేజ్‌మేకర్ ఫైళ్ళతో పాటు ఫాంట్ల ఫోల్డర్ కూడా కాపీ చేసి పెట్టండి. అను ఏ వెర్షనో ఒక కాగితం మీద రాసి ఆ డిస్క్‌కు అంటించండి. అచ్చుకు పంపిన ఆఖరి పీడీఎఫ్, ఫాంట్లు ఎంబెడ్ చేసినది, రచయితకు తప్పకుండా ఇవ్వండి. మూసేస్తున్న సెంటర్ ఏదైనా ఉంటే ఆ హార్డ్ డిస్క్‌ను తుక్కువాడికి ఇవ్వకుండా పక్క సెంటర్‌కు ఇవ్వండి. సిస్టమ్ ఎప్పుడు మార్చాలో మీ పని, మీ జేబు చెబుతాయి. దాంట్లో ఉన్నది ఇతరుల పుస్తకం కూడా కాబట్టి ఫైళ్ళను బయటికి తీసే పని మాత్రం దానికి ముందే జరగాలి.

మంత్రిగారూ, పని ఎక్కడ మొదలుపెట్టాలన్నదానికీ ఒక సూచన చేస్తాను. మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్ల కంప్యూటర్ ల్యాబుల్లో ఒకదాన్ని ఆదివారాలు అడిగి తీసుకోండి. పట్టికలు తెలిసినవాళ్ళు ఇద్దరు, కన్వర్టర్ రాయగల విద్యార్థులు నలుగురు, తెలుగు బాగా వచ్చిన ప్రూఫ్‌రీడర్లు కొందరు కూర్చుంటాం. అమీర్‌పేట, పంజగుట్ట సెంటర్ల నుంచి, ఇష్టపడిన ప్రచురణకర్తల నుంచి ఒక వంద పుస్తకాల ఫైళ్ళు తెప్పిద్దాం. ఎన్ని తెరుచుకుంటాయి, మార్చాక పేజీకి ఎన్ని తప్పులు మిగులుతాయి, దిద్దడానికి ఎంత కాలం పడుతుంది అన్న లెక్క చేతికి వస్తే మీ శాఖ ఎంత ఖర్చు పెట్టాలో ఊహతో పనిలేకుండా తేలుతుంది. ప్రూఫులు దిద్దడానికి నేను వస్తాను. ఈ పేటల్లో నాకు తెలిసిన ప్రూఫ్‌రీడర్లను కూడా తీసుకొస్తాను. మీ కార్యాలయం చెప్పాల్సింది ఏ ఆదివారం, ఏ ల్యాబ్ అన్నదే.

ఇట్లు,
పంజగుట్ట నుంచి,
ఒక తెలుగు ప్రూఫ్‌రీడర్